ఉమెన్స్ స్టడీస్ చదివితే ఏ ఉద్యోగం వస్తుంది?

(కార్డిఫ్‌లో జరిగిన ఫోరం సమావేశంలో చేసిన ప్రసంగం పాఠం)



"మా అమ్మాయి ఎం.ఏ. ఉమెన్స్ స్టడీస్ చేస్తానంటోందమ్మా, ఆ చదువుకి ఉద్యోగం ఏమొస్తుంది?" అని మన సభ్యుల్లో ఒక అన్నయ్య నన్ను అడిగారు. ఫీజు కట్టేవాళ్లు అడగాల్సిన ప్రశ్నే ఇది. సూటిగా చెప్పాలంటే, ఆ డిగ్రీ పేరుతో ఉద్యోగ ప్రకటనలు పెద్దగా రావు. నా ఎం.టెక్.కి దొరికినంత సులభంగా దారి దొరకదు. మొదటి ఏళ్లలో జీతం తక్కువ, చాలావరకు ప్రాజెక్టు ఉన్నంతకాలమే కాంట్రాక్టు. 2017లో ఇండియాలో యూజీసీ నిధులు ఆగిపోతాయేమోనని ఈ కేంద్రాలన్నీ బిక్కుబిక్కుమంటూ గడిపాయి. ఇవి దాచి పిల్లల్ని ప్రోత్సహించడం న్యాయం కాదు.

అయితే ఆ చదువులో ఏం నేర్పుతారో కూడా చూడాలి. 1971లో భారత ప్రభుత్వం వేసిన కమిటీ, జనాభాలో స్త్రీల నిష్పత్తి, పనుల్లో వాళ్ల వాటా తగ్గిపోతున్నాయని లెక్కలతో చూపించింది. మన దేశంలో ఈ సబ్జెక్టుకి ఊపిరి పోసింది ఆ నివేదికే. హైదరాబాదులో స్త్రీశక్తి సంఘటన వాళ్లు తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల దగ్గర కూర్చుని, వాళ్ల మాటలు రికార్డు చేసి, 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చారు. ఎవరినీ తొందరపెట్టకుండా వినడం, చెప్పకుండా వదిలేసింది గమనించడం, దాన్ని పద్ధతిగా రాయడం. మన భాషలో ఇది రిక్వైర్‌మెంట్స్ గేదరింగ్! అది సరిగ్గా చేయక ఎన్ని ప్రాజెక్టులు మునిగాయో ఇక్కడున్న వాళ్లందరికీ తెలుసు.

1985లో మొదలైన అన్వేషి వాళ్లు రూపొందించిన జెండర్ పాఠ్యపుస్తకాన్ని 2015లో తెలుగు అకాడమీ అచ్చువేసింది. తెలంగాణ ఇంజనీరింగ్ కాలేజీల్లో అది పాఠమైంది. నేను అప్పటికే కాలేజీ దాటిపోయాను, మా టీమ్‌లో చేరిన కుర్రాళ్లు కొందరు చదివే వచ్చారు.

ఇక మన వేల్స్ సంగతి. స్త్రీలపై హింస గురించి 2015లో ఇక్కడ చేసిన చట్టం ప్రకారం స్థానిక కౌన్సిళ్లు, హెల్త్ బోర్డులు కలిసి వ్యూహం తయారుచేయాలి. బ్రిటన్‌లో 250 మంది, అంతకన్నా ఎక్కువ ఉద్యోగులున్న సంస్థలు 2018 నుంచి స్త్రీ పురుషుల జీతాల తేడాను ఏటా ప్రకటించాలి. ఆ వ్యూహాలు రాసేవాళ్లు, ఆ అంకెల వెనక కారణం వెతికేవాళ్లు కావాలి. కార్డిఫ్‌లోనే 'బావ్సో' అనే సంస్థ 1995 నుంచి నల్లజాతి, మైనారిటీ స్త్రీల కోసం పనిచేస్తోంది.

అన్నిటికన్నా నన్ను కలవరపెట్టేది ఒకటుంది. భర్త వర్క్ వీసా మీద డిపెండెంటుగా వచ్చిన అమ్మాయి ఇంట్లో దెబ్బలు తింటోందనుకోండి. ప్రభుత్వ సాయం తీసుకోకూడదన్న షరతు ఆమె వీసా మీదే ఉంటుంది. బయటికొస్తే తల దాచుకోవడం ఎలా? 2024 ఫిబ్రవరిలో వర్కర్లు, విద్యార్థుల జీవిత భాగస్వాములకూ వర్తించేలా ఒక వెసులుబాటు ఇచ్చారు. మూడు నెలల అనుమతి, ఆ కాలానికి ప్రభుత్వ సాయం. శాశ్వత నివాసానికి మాత్రం అది దారి కాదు. ఆ మూడు నెలల్లో ఏం చేయాలో, "అత్తగారికి తెలిస్తే పరువు పోతుంది" అన్న మాట వెనక ఏముందో రెండూ అర్థమయ్యే మనిషి, అందులోనూ తెలుగు మాట్లాడే మనిషి, కావాలి. మన ఇళ్లలోంచి ఒక్కరినీ పంపకుండా అలాంటి మనిషి ఎక్కడినుంచి వస్తారు?

ఆ అన్నయ్యకు నేనిచ్చిన సలహా: ఉమెన్స్ స్టడీస్‌కి తోడు లా గానీ, సోషల్ వర్క్ గానీ, గణాంకాలు గానీ ఒకటి పట్టుకోమనండి. అప్పుడు ప్రాజెక్టు ముగిసినా మరో చోట తలుపు తడుతుంది.

మన ఫోరం స్కాలర్‌షిప్పు ఇప్పటిదాకా ఇంజనీరింగ్, మెడిసిన్ పిల్లలకే ఇస్తున్నాం. వచ్చే ఏడాది ఒకటి ఈ చదువుకి కేటాయించాలని ప్రతిపాదిస్తున్నాను. ఈరోజే ఓటింగుకి పెట్టమని కార్యదర్శి గారికి మనవి.