మడతచాకు – క్రొత్త యుక్కు
(జూలూరుపాడునందు జరిగిన వార్షిక మహాసభలో చేసిన యుపన్యాసము)



సంస్కృత విద్యయు మన కులవృత్తియు నను విషయమునుగూర్చి మాటాడవలసినదిగా కార్యదర్శిగారు మమ్ము కోరియుండిరి. అందులకు కొంత వ్రాసికొనియు వచ్చితిమి. కాని యీ యుదయమున పందిటి వెనుక నొక చిన్న తగవును చూచిన పిమ్మట ఆ కాగితములను మడిచి జేబులో నుంచికొంటిమి. పట్టణమున నుద్యోగము చేయు యువకుడొకడు ఇటలీ దేశపు మడతచాకును నలుగురకును చూపుచుండెను. వెల పదివేల రూపాయలకు పైమాటయట. కొలిమిపనిలో చేతులు కాయలు కాచిన పెద్దయొకరు దానిని త్రిప్పి చూచి, “మన దాగలి చల్లబడుచుండగా పరదేశపు టినుమునకు ఇంత సొమ్ము పోయుదువా?” యని కసరిరి. యువకుడు “తాతా, మీ లారీపట్టీ చాకు నెలకు నాలుగుసార్లు సానకు పోవును, ఇది యేడాదికొకసారియు పోదు” అనెను. ఇరువురును మనవారే. ఇరువురకును చెప్పవలసినది కొంత కలదని తోచి, ఆ చాకునే నేటి విషయముగా గ్రహించితిమి.

మడతచాకన నెట్టిదో యీ సభలో వివరింప పనిలేదు. అలుగు, పిడి, ఒక శీల, వెనుక నొక కమాను. ఇంతియే. తాళము లేదు, మీట లేదు. అలుగును తెఱచునపుడును మూయునపుడును కమాను బిగువుగా నొత్తి పట్టవలెను. మూసినపుడు టక్కుమని చప్పుడు కావలెను. శీల దగ్గఱ వెంట్రుకవాసి యెడమున్నను అలుగు ఊగులాడును. గొడ్డలి చేయువారందఱును దీనిని చేయజాలరు. మేము ముప్పదియేండ్లకు పైగా బడిపంతులుగా నున్నంతకాలము మా మేనమామగారు చేసియిచ్చిన చాకొకటి లాల్చీజేబున వదలక యుండెడిది. పిల్లల పెన్సిళ్లు చెక్కుటకు, పురికొసలు తెంచుటకు, మధ్యాహ్నము మామిడికాయ కోయుటకు, అన్నింటికి నదియే.

ఇంగ్లండున షెఫీల్డు, ఇటలీలో మానియాగో శతాబ్దములుగా చాకులకు ప్రసిద్ధి కెక్కిన యూళ్లు. ఆ దేశములందును అమెరికాయందును నిప్పుడొక విచిత్రమైన మక్కువ ప్రబలినది. రూపము తాతలనాటిదిగా నుండవలెను: కొమ్ముపిడియో కఱ్ఱపిడియో, వెనుక కమానుతో. అలుగు మాత్రము నేటి మేలైన యుక్కుతో నుండవలెను. మన యువకుని చాకునం దున్నది ఆస్ట్రియా దేశమున బోలర్ వారు చేయు ఎం 390 అను నుక్కు. అందు నూటికి రమారమి 1.9 పాళ్లు కర్బనము, 20 పాళ్లు క్రోమియము, 4 పాళ్లు వెనేడియము కలవు. ఇన్ని ధాతువులు కలిపి అచ్చున పోసినచో, నెమ్మదిగా చల్లారునపుడు కఠినమైన కణములు పెద్ద గడ్డలుగా గూడికొనును. కావున కరగిన యుక్కును వాయువేగముతో చిమ్మి పొడిగా జేయుదురు. ప్రతి రేణువును తక్షణమే గట్టిపడుటచే కణములు సన్ననివై యంతటను సమముగా నుండును. ఆ పొడిని వేడితోను ఒత్తిడితోను దిమ్మగా జేసి రేకులు సాగదీయుదురు. అందువలన పదును చిరకాలము నిలుచును, త్రుప్పు సులభముగా పట్టదు. యువకుని మాట యబద్ధము కాదు.

పెద్దలు దీనిని పరదేశపు టినుమనిరి. అదియు నిజమే. కాని నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రమును ఒక్కసారి తలంపునకు తెచ్చుకొనుడు. హెన్రీ వాయిసీ యను భూగర్భశాస్త్రజ్ఞుడు 1820 ప్రాంతముల నచ్చటి మూసల యుక్కును చూచి వ్రాసిన వృత్తాంతము 1832 లో ప్రకటితమైనది. ఉక్కు కొనుటకై పారసీక దేశమున ఇస్ఫహాను నుండి వచ్చిన వర్తకుని ఆయన అచ్చట చూచెను. అనగా నాడు మన యుక్కే వారికి పరదేశపు టినుము! తమ పనివారి యడుగున నదియే యుండవలెనని వారు సముద్రములు దాటి వచ్చిరి. ఎవరును సిగ్గుపడలేదు. ఇంకొక సంగతి. కోనసముద్రపు పనివారు ఒక యూరి యినుము మూడు పాళ్లును, వేఱొక యూరి యినుము రెండు పాళ్లును కలిపి మూసలో నుంచెడివారు. ఏల యట్లనిన, వారికి తెలిసినది అనుభవము. 1998 లో అమెరికా శాస్త్రజ్ఞులు పాత డమాస్కసు కత్తులను పరీక్షించి, ఆ నీటిచారలకు వెనేడియము వంటి ధాతువులు లేశమాత్ర ముండుటయే కారణమని నిరూపించిరి. వెనేడియమను పేరు మన పూర్వులెఱుగరు. ఏ యూరి యినుము తేవలెనో యెఱుగుదురు.

ఇక యువకునకు. సుశ్రుతసంహిత సూత్రస్థానమున నెనిమిదవ యధ్యాయము శస్త్రములనుగూర్చినది. అందు పదును పెట్టు “పాయన” మూడు విధములుగా చెప్పబడినది: క్షారమున, నీట, నూనెయందు. ఎముక కోయుదానికొకటి, మాంసము కోయుదానికొకటి, సిర గ్రుచ్చుదానికొకటి. అంచును అట్లే. భేదనశస్త్రమునకు మసూరపు గింజంత మందము, ఛేదనశస్త్రమునకు అరవెంట్రుక. సానకు మినుముల వన్నెగల నున్నని రాయియు, ధార నిలుపుటకు బూరుగుపలకయు చెప్పిరి. బూరుగు మన యడవిలో కావలసినంత కలదు. ఎవరైనను ఆ పలకపై చాకు నాడించి చూచితిరా? మేము చూచితిమి, మిక్కిలి బాగుగా పనిచేయును. దీనినిబట్టి యడుగుచున్నాము: నాయనా, నీ చాకుతో నేమి కోయుదువు? వెదురుకణుపు చీల్చు కోయసోదరునకు అంత కఠినమైన సన్నని యంచు పెళుసై పెచ్చులూడును. మఱియు వెనేడియపు కణములు మన సానరాతి ఇసుకకంటె గట్టివి. వాగుగట్టున రాతిపై నాలుగుసార్లు రుద్దిన లారీపట్టీ చాకునకు ధార వచ్చును, నీ చాకునకు రాదు.

ఇప్పుడు మా యింటి మాట. మా మేనల్లుడు పదవతరగతి ముగించినపుడు కొలిమి విడువుమని వానికి బోధించినవారము మేమే. వాడు ఐ.టి.ఐ.లో ఫిట్టరుపని నేర్చి, కొన్నియేండ్లొక కర్మాగారమున నుండి, తిరిగివచ్చి తిత్తి ముందు కూర్చుండెను. కోపముచే ఒక సంవత్సరము వాని గడప త్రొక్కమైతిమి. ఆ సమయముననే వాడు రెండునెలల బొగ్గుఖర్చు పోసి పొడియుక్కు రేకు తెప్పించి, అలవాటుచొప్పున రంగుచూచి కాచి నీట ముంచెను. పగిలినది. రెండవ యలుగును నూనెలో ముంచెను. పగులలేదు గాని వెదురుమీద అంచు మడతపడినది. ఆ ముక్కలను తువ్వాలులో గట్టికొని, మాటలాడని మా వద్దకే తెచ్చెను. “మామయ్యా, మీ పుస్తకములో దీనికేమైన నున్నదా?” యని యడిగెను. మేము సుశ్రుతుని చదివితిమి. వాడు తయారుచేసినవారి పట్టిక చదివెను: 1,100 డిగ్రీల సెంటిగ్రేడుకు పైన, లెక్కించిన నిమిషములు నిలిపి, నియమముగా చల్లార్చి, మరల మరల కాచవలెనట. మూడు పాయనలలో నెద్దియు దానికి చాలదని ఒప్పుకొంటిమి. లారీపట్టీ 850 డిగ్రీల దగ్గఱ పదనుకు వచ్చును, అది కంటికి తెలియును. దీనిని కన్ను పట్టలేదు, కొలిమి నిలుపలేదు.

తరువాతి యలుగులను వాడు హైదరాబాదున బాలానగరమునకు గొనిపోయి శాఖోష్ణము తప్పక చూపు కొలిమిలో పదను పెట్టించెను. గట్టిపడినవి. కాని రాకపోకల ఖర్చు అలుగువెలను మించినది. సగము వెలకే దొరకు పాత బేరింగుల యుక్కును (నూటికొక పాలు కర్బనము, ఒకటిన్నర క్రోమియము) ఇప్పుడు మా కొలిమిలోనే కాచుచున్నాడు. అది పొడియుక్కంత కాదు, లారీపట్టీకంటె చాల మేలు.

పోషకమహాశయులకు విన్నపము. కల్యాణమండపమునకు ముఖద్వారపు తోరణము కట్టింప నేటి మధ్యాహ్నము తీర్మానము రానున్నదని విన్నాము. తోరణము సుందరమే. కాని ఆ ద్రవ్యములో కొంతతో, వేడిని తానే నిలుపుకొను విద్యుత్కొలిమి యొకటి యీ జూలూరుపాడున నుంచినచో, చుట్టుపట్ల కొలిమికుటుంబములవారు వంతులవారీగా వాడుకొందురు. మా మేనల్లుడు మేస్త్రీగా నుండి నేర్పుటకు సిద్ధము, జీతమడుగడు. తోరణమును వచ్చే యేటికి నుంచుడని మా ప్రార్థన.

వాడు చేసిన చాకు మా జేబున నున్నది. బేరింగు అలుగు, తునికి చేవపిడి. పూర్వము దుప్పికొమ్ము వేసెడివారు, 1972 వన్యప్రాణి చట్టము తరువాత అది తగదు. ముందువరుస నుండి సభలో త్రిప్పుచున్నాము. తెఱచి, మూసి, చప్పుడు వినుడు. ఉదయమున తగవాడిన ఇరువురును ముందుగా చూడవలెను. పదును మిక్కుటము, పిల్లల చేతికీయవలదు. తిరిగి మాకు చేర్పగోరెదము, రేపు మామిడికాయ కోయవలసియున్నది.