కొర్రీలు రాసిన చేత్తోనే

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



"విశ్రాంత జీవితంలో సమాజ సేవ" అనే విషయం మీద నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు నన్ను కోరారు. నేను ఉపన్యాసకుణ్ణి కాను. ముప్ఫై నాలుగేళ్ళు గుమాస్తాగా పనిచేసి, 2008లో యాభై ఎనిమిదేళ్ళు నిండి ఇంటికి వచ్చినవాణ్ణి. మైకు కంటే నాకు నోట్ ఫైలు అలవాటు. అందుచేత మాటల్లో తప్పులుంటే మన్నించండి. కొర్రీ మాత్రం వేయకండి.

ఈ రోజు డిసెంబరు 17. 1982లో ఇదే తేదీన సుప్రీంకోర్టు నకారా కేసులో తీర్పు చెప్పింది. పెన్షను అనేది ప్రభుత్వం దయతలచి ఇచ్చే భిక్ష కాదని, చేసిన సేవకు హక్కుగా వచ్చేదని ఆ తీర్పులో చెప్పారు. 1979 మార్చి 31 అనే తేదీని అడ్డుగోడగా పెట్టి, దానికి ముందు రిటైరైనవాళ్ళను ఒక రకంగా, తర్వాతవాళ్ళను ఇంకొక రకంగా చూడడం చెల్లదన్నారు. ఏటా ఈ సభలో నకారాగారి పేరు తలుచుకుంటూనే ఉన్నాం. అయితే ఆ పిటిషనులో ఆయనతోపాటు ఒక సంఘం కూడా ఉందన్న సంగతి మనలో చాలామందికి తెలియదు. ఆ సంఘం పేరు కామన్ కాజ్. దాన్ని స్థాపించినవారు హెచ్.డి. శౌరిగారు. ఆయన 1911లో పుట్టి, ప్రభుత్వంలో పెద్ద ఉద్యోగాలు చేసి రిటైరయ్యారు. ఆ తర్వాత 1980లో, అంటే దాదాపు డెబ్భై ఏళ్ళ వయసులో, ఈ సంఘం పెట్టారు. కమ్యూట్ చేసుకున్న పెన్షను భాగం కేంద్ర ఉద్యోగులకు పదిహేనేళ్ళ తర్వాత తిరిగి కలవాలని 1986లో వచ్చిన తీర్పు కూడా ఆ సంఘం వేసిన కేసులోదే. రిటైరైన ఒక పెద్దమనిషి, తనను ఎవరూ అడగకుండానే, కాగితాలు పట్టుకుని కోర్టు మెట్లెక్కారు.

మనం అంతటివాళ్ళం కాము. నేనైతే అసలు కాను. నా సంగతి చెబుతాను. ఇది ఇంతవరకు సభలో చెప్పలేదు, మా ఇంట్లో మాత్రమే తెలుసు.

1987లో నేను ఒక కార్యాలయంలో పెన్షన్ల సీటు చూసేవాణ్ణి. ఏ కార్యాలయమో ఇప్పుడు అప్రస్తుతం. అటెండరుగా చేస్తూ చనిపోయిన ఒకాయన భార్య ఫ్యామిలీ పెన్షనుకు కాగితాలు పెట్టుకుంది. సర్వీసు రిజిస్టరులో ఆమె పేరు ఒక రకంగా, కుటుంబ సభ్యుల ధ్రువపత్రంలో ఇంకొక రకంగా ఉంది. కొర్రీ రాసి తిప్పి పంపాను. ఆమె దాన్ని సరిచేయించుకు వచ్చింది. ఫొటో మీద గెజిటెడ్ అధికారి సంతకం ఉంది గాని ముద్ర లేదు. మళ్ళీ తిప్పి పంపాను. మూడోసారి వచ్చేసరికి పిల్లల పుట్టినతేదీలకు రుజువు లేదన్నాను. నేను రాసిన మూడూ రూల్సు ప్రకారం సరైనవే. ఏ ఆడిట్ పార్టీ వచ్చినా నన్ను తప్పు పట్టలేదు. కాని ఆ మూడు లోపాలూ మొదటి రోజునే నా బల్ల మీద ఉన్నాయి. ఒకే కాగితం మీద మూడూ రాసి ఉండవచ్చు. రాయలేదు. మొదటి లోపం కనబడగానే ఫైలు కట్టేసి పక్కన పెట్టడం మా అందరికీ అలవాటు. ఆ పూటకు ఒక ఫైలు తగ్గినట్టు లెక్క.

మూడోసారి ఆమె, "బాబుగారూ, ఇంకేమన్నా ఉంటే ఇప్పుడే చెప్పెయ్యండి. బస్సు ఛార్జీలకు కూడా అప్పు తెచ్చుకుంటున్నాను" అంది. నేను తలెత్తకుండా, "పైవాళ్ళు చూసి చెబుతారమ్మా" అన్నాను. ఆమెకు పెన్షను మంజూరు కావడానికి పదకొండు నెలలు పట్టింది.

నేను సర్వీసులో ఎవరి దగ్గరా చెయ్యి చాచలేదు. ఆ ఒక్క గర్వంతో రిటైరయ్యాను. రిటైరయ్యాక రెండేళ్ళు పేపరు చదవడం, సాయంత్రం నడక, మధ్యలో మా ఆవిడ వంటలో జోక్యం చేసుకుని చీవాట్లు తినడం. ఈ కార్యక్రమం మీకూ తెలిసిందే.

2011లో నా చిన్ననాటి స్నేహితుడు, మన పెన్షనరే, పోయాడు. పన్నెండో రోజు తర్వాత మా చెల్లెమ్మ, అంటే అతని భార్య, ఒక సంచీ నిండా కాగితాలు తెచ్చి నా ముందు పెట్టి, "అన్నయ్యగారూ, వీటిలో ఏది పనికొస్తుందో నాకు తెలియదు" అంది. పెన్షన్ పేమెంట్ ఆర్డరు అందులో లేదు. చివరికి దేవుడి గూట్లో పంచాంగాల అడుగున దొరికింది. అన్నీ సర్దుకుని ఇద్దరం కార్యాలయానికి వెళ్ళాం. అక్కడి కుర్రవాడు ఒక కాగితం చూసి కొర్రీ చెప్పాడు. సరిచేసి తెచ్చాం. ఇంకొకటి చెప్పాడు. అప్పుడు నేను, "నాయనా, ఇంకేమన్నా ఉంటే ఇప్పుడే చెప్పెయ్యి" అన్నాను. ఆ మాట నా నోటినుంచి వచ్చాక, ఎవరు అన్న మాటో గుర్తొచ్చింది. బయటికి వచ్చి వేపచెట్టు కింద కాసేపు కూర్చున్నాను. చెల్లెమ్మ ఎండ వల్లనేమో అనుకుని మజ్జిగ కొనితెచ్చింది.

మా బల్ల అలా మొదలయింది. మన సంఘం గది వరండాలో ఒక బల్ల, మూడు కుర్చీలు. నాతోపాటు ట్రెజరీలో చేసిన ఒక మిత్రుడు, రిటైరైన ఒక టీచరుగారు. మంగళవారం, శుక్రవారం పది నుంచి ఒంటిగంట దాకా. మొదటి నెలలో ఎవరూ రాలేదు. తర్వాత వచ్చినవాళ్ళు, "ఎంత తీసుకుంటారు?" అని అడిగారు. ఏమీ తీసుకోమంటే అనుమానంగా చూసి వెళ్ళిపోయినవాళ్ళూ ఉన్నారు. ఉచితంగా చేస్తే పని జరగదేమో అని వాళ్ళ భయం. ఆ భయం వాళ్ళకు ఎక్కణ్ణుంచి వచ్చిందో మనకు తెలియనిదేమీ కాదు.

అక్కడ జరిగే పని చాలా చిన్నది. బ్యాంకు ఫారం నింపుతాం. పేర్లు సరిచూస్తాం. అన్నిటికంటే ఎక్కువ తలనొప్పి ఈ పేర్లే. సర్వీసు రిజిస్టరులో లక్ష్మీకాంతమ్మ, రేషను కార్డులో కాంతమ్మ, ఆధార్‌లో ఇంటిపేరు చివర. ముగ్గురూ ఒక్కరేనని నిరూపించడానికి ఆమె ఈ వయసులో తిరగాలి. లైఫ్ సర్టిఫికెట్ల రోజుల్లో మాకు తీరిక ఉండదు. 2014లో జీవన్ ప్రమాణ్ వచ్చాక వేలిముద్ర వేస్తే చాలన్నారు గాని, జీవితమంతా మట్టిపనో బట్టలుతికే పనో చేసిన చేతులకు వేలిముద్రలు అరిగిపోయి ఉంటాయి. యంత్రం వాళ్ళను ఒప్పుకోదు. 2021లో ఫోనుకు ముఖం చూపించే పద్ధతి వచ్చింది. అది నేర్చుకోవడానికి నాకు మా మనవరాలి దగ్గర వారం రోజులు పట్టింది. తాతకు ఓపిక తక్కువని అది మా కోడలికి ఫిర్యాదు కూడా చేసింది.

సమాచార హక్కు చట్టం మాకు మంచి పనిముట్టు. 2005లో వచ్చింది. దరఖాస్తుకు పది రూపాయలు, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్ళకు అదీ లేదు. ముప్ఫై రోజుల్లో జవాబు ఇవ్వాలి. "నా ఫైలు ఏ తేదీ నుంచి ఎవరి దగ్గర ఉంది?" అని ఒక్క ప్రశ్న అడిగితే చాలు, చాలాసార్లు జవాబుకు బదులు పనే అయిపోతుంది. ఫైలు ఎక్కడ ఆగుతుందో మనకంటే ఎవరికి బాగా తెలుసు? మనమే కదా ఆపినవాళ్ళం!

పిల్లలు చూడడం లేదని వచ్చే పెద్దవాళ్ళ సంగతి వేరు. అక్కడ నేను నోరు మూసుకుని టీచరుగారికి వదిలేస్తాను. ఆడవాళ్ళు నాతో చెప్పని మాటలు ఆవిడతో చెబుతారు. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం కింద ట్రిబ్యునలుకు అర్జీ పెట్టుకోవచ్చు. ఆస్తి పిల్లలకు రాసిచ్చి రోడ్డున పడ్డవాళ్ళు, రాసిచ్చిన కాగితంలో తమను పోషించాలన్న షరతు ఉందో లేదో ముందు చూసుకోవాలి. రాయబోయేవాళ్ళు ఆ షరతు రాయించుకోవాలి. వృద్ధుల కోసం 14567 అనే ఉచిత ఫోను నంబరు ఉంది, గోడ మీద పెద్ద అక్షరాలతో రాసిపెట్టాం. ఇక న్యాయ సేవల సంస్థలు పారాలీగల్ వలంటీర్లను తీసుకుని శిక్షణ ఇస్తాయి. జాతీయ న్యాయ సేవల సంస్థ 2009లో పెట్టిన ఈ పథకంలో రిటైరైన ప్రభుత్వోద్యోగులనూ వృద్ధులనూ తీసుకోవచ్చని స్పష్టంగా రాశారు. మా ట్రెజరీ మిత్రుడు అలా చేరినవాడే. చట్టం పుస్తకం చూస్తే నిద్రపోయే మనిషి, ఇప్పుడు సెక్షన్లు చెప్పి మాకు నిద్ర లేకుండా చేస్తున్నాడు.

రక్తదానానికి మనలో చాలామంది పనికిరారు, అరవై అయిదు దాటితే తీసుకోరు. నేత్రదానానికి వయసు అడ్డం లేదు, కళ్ళజోడు ఉన్నా ఫరవాలేదు. చనిపోయిన ఆరు గంటల్లోపు తీసుకోవాలి కాబట్టి, సంతకం చేసిన సంగతి ఇంట్లోవాళ్ళకు చెప్పి ఉంచండి.

మా తప్పులు కూడా చెప్పాలి. ఒకసారి ఒకావిడ అసలు కాగితాలు ఇంట్లో తీరిగ్గా చూద్దామని పట్టుకెళ్ళాను. డెత్ సర్టిఫికెట్ కనబడలేదు. ఇంకొక ప్రతి తీయించేసరికి ఆవిడ పని ఆరు వారాలు వెనకబడింది. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. అప్పటినుంచి ఎవరి అసలు కాగితం మా దగ్గర ఒక రాత్రి కూడా ఉండడానికి వీల్లేదని నియమం పెట్టుకున్నాం. ఏటీఎం కార్డు ముట్టుకోం, ఫోనుకు వచ్చే ఓటీపీ చెప్పబోతే చెవులు మూసుకుంటాం. పని అయ్యాక పళ్ళు తెచ్చినా తీసుకోం. ఈ చివరిదాని మీద మాలో మాకు పేచీ ఉంది. జామకాయలు తీసుకుంటే తప్పేమిటని మిత్రుడి వాదన. జామకాయతోనే మొదలవుతుందని నేను.

మన సభ్యులు కొందరు, "ఇది పెన్షనర్ల సంఘం, ఊళ్ళోవాళ్ళందరి కాగితాలు మనకెందుకు?" అంటున్నారు. కిందటి సర్వసభ్య సమావేశంలో ఈ మాట కాస్త ఘాటుగానే వచ్చింది. వాళ్ళ మీద నాకు కోపం లేదు. కరెంటు బిల్లు సంఘం కడుతోంది, అడిగే హక్కు వాళ్ళకుంది. కాని మనకు ముప్ఫై ఏళ్ళు జీతం ఇచ్చింది ఆ ఊళ్ళోవాళ్ళే కదా అని నాకనిపిస్తుంది. తీర్మానం పెడితే నేను ఓడిపోవచ్చు. అప్పుడు బల్లను లైబ్రరీ అరుగు మీదికి మార్చుకుంటాం.

2013లో ఒకరోజు నేను ఆ అటెండరుగారి ఊరు వెళ్ళాను. ఎవరికీ చెప్పకుండా వెళ్ళాను. ఆమె అప్పటికి నాలుగేళ్ళ క్రితమే పోయింది. కొడుకు ఉన్నాడు, మేస్త్రీ పని. నేను మీ నాన్నగారితో పాటు ఆఫీసులో చేసినవాణ్ణని చెప్పుకున్నాను. లోపలికి రమ్మని, కుర్చీ తుడిచి వేసి, టీ ఇప్పించాడు. "పెన్షను కాస్త ఆలస్యమైనా వచ్చిందండీ, అమ్మ దాంతోనే మమ్మల్ని పెంచింది. ఆఫీసు వాళ్ళు మంచోళ్ళని చెప్పేది" అన్నాడు. అసలు సంగతి చెబుదామని వెళ్ళినవాణ్ణి, చెప్పలేక టీ తాగి వచ్చేశాను.

ఇక్కడికి వచ్చిన ఇల్లాళ్ళకు, పిల్లలకు ఒక మనవి. ఇవాళ ఇంటికి వెళ్ళాక పెన్షన్ పేమెంట్ ఆర్డరు ఎక్కడుందో అడగండి. అందులో అమ్మగారి పేరు, పుట్టినతేదీ ఆధార్‌తో సరిపోయాయో లేదో చూడండి. ఆయన చిరాకు పడతారు, మా ఇంట్లో నేనూ పడ్డాను. అయినా వదలకండి. తేడా ఉంటే ఆయన ఉండగానే సరిచేయించడం సులువు. సర్వీసులో ఉండి యాభై దాటిన కొడుకులూ కూతుళ్ళూ ఉంటే, మీ సర్వీసు రిజిస్టరు కూడా ఒకసారి చూసుకోండి.

బల్ల దగ్గర ఒక కుర్చీ ఖాళీగా ఉంది. టీచరుగారు మోకాళ్ళ ఆపరేషనుకు కూతురి దగ్గరికి వెళ్ళారు, ఉగాది దాకా రారు. అక్షరం స్పష్టంగా రాయగలిగినవాళ్ళు, ముఖ్యంగా ఆడవాళ్ళు, ఎవరైనా వస్తే మాకు ఉపకారం. కళ్ళజోడు, పెన్ను మీవి మీరు తెచ్చుకోవాలి. టీ డబ్బులు ఎవరివి వాళ్ళవే.

నాకు ఇచ్చిన పదిహేను నిమిషాలూ దాటాయని అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. సెలవు.