గొంతు వినపడింది, మొహం కనపడలేదు



నేను పీహెచ్‌డీ విద్యార్థిని. 1991 చుండూరు మారణకాండ మృతుల సంస్మరణ సభల్లో దళిత స్త్రీలు చేసిన ప్రసంగాల మీద పని చేస్తున్నాను. 2000 తర్వాతి తొలి ఏళ్ళలో కార్యకర్తలు మినీ డీవీ టేపుల మీద తీసిన వీడియోలే నా ఆధారాలు. వాటిని వెబ్‌సైట్‌లో పెట్టేటప్పుడు నేను చేసిన పొరపాటుతో మొదలుపెడతాను.

టేపు నుంచి కంప్యూటర్‌లోకి ఎక్కించిన డీవీ ఫైలు గంటకు సుమారు 13 జీబీ ఉంటుంది. సైజు బాగా తగ్గాలని హెచ్.265లో కుదించి, ఎంపీ4గా పెట్టాను. నా లాప్‌టాప్‌లో చక్కగా ఆడింది. ఆ సభలో మాట్లాడిన ఒక పెద్దమ్మ ఇంటికి వెళ్ళి, ఆమె మనవడి ఫోన్‌లో సైటు తెరిచాం. గొంతు వచ్చింది. తెర నల్లగానే ఉంది. "నా మాటే గాని నా మొగం రాలేదేందమ్మాయ్?" అంది. నా దగ్గర జవాబు లేదు.

జవాబు తర్వాత తెలిసింది. ఎంపీ4, ఏవీఐ, వెబ్‌ఎం అనేవి డబ్బాలు మాత్రమే. లోపల బొమ్మను కుదించే పద్ధతి, అంటే కోడెక్, వేరు. డబ్బా పేరు చూసి ఫైలు ఆడుతుందని నమ్మకూడదు. హెచ్.265ను కొన్ని పాత ఫోన్లు, బ్రౌజర్లు చూపలేవు. 2018లో వచ్చిన ఏవీ1 ఇంకా బాగా కుదిస్తుంది, లైసెన్సు రుసుము లేకుండా వాడుకోవాలనే తయారుచేశారు. కానీ పాత చవక ఫోన్లకు అది బరువు. 2003 నాటి హెచ్.264, ఆడియోకు ఏఏసీ, ఈ రెండూ ఎంపీ4లో ఉంటే దాదాపు ఏ ఫోన్‌లోనైనా ఆడుతుంది. కొత్తదానికన్నా అందేదాన్ని ఎంచుకోండి.

మార్చడానికి హ్యాండ్‌బ్రేక్, ఎఫ్ఎఫ్ఎంపెగ్ ఉన్నాయి, రెండూ ఉచితం. నాలుగు విషయాలు గుర్తుంచుకోండి. ఒకటి, పాత టేపు బొమ్మ గీతలు గీతలుగా నమోదై ఉంటుంది. డీఇంటర్లేస్ చేయకపోతే కదిలే చేతులు దువ్వెన పళ్ళలా చీలి కనిపిస్తాయి. రెండు, దాన్ని 1080పీకి పెంచితే స్పష్టత రాదు, బరువే పెరుగుతుంది. 640x480 చాలు. మూడు, ప్రసంగానికి సెకనుకు 500 కిలోబిట్ల వీడియో, 64 కిలోబిట్ల ఆడియో పెడితే గంట ఫైలు సుమారు 250 ఎంబీకి వస్తుంది. నాలుగు, హ్యాండ్‌బ్రేక్‌లో 'వెబ్ ఆప్టిమైజ్డ్', ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో 'ఫాస్ట్‌స్టార్ట్' పెట్టండి. ఫైలు సూచిక చివర ఉండిపోతే వీడియో మొదలవడానికే ఆలస్యం కావచ్చు. ఈ ఎంపికతో సూచిక మొదటికి వస్తుంది.

ఇంకో మాట. చిన్న ఫైలు తయారయిందని అసలు డీవీ ఫైలును చెరిపేయకండి. కుదింపులో పోయింది తిరిగి రాదు. అసలును రెండు వేర్వేరు చోట్ల దాచండి. మాటల పాఠాన్ని వెబ్‌వీటీటీ ఫైలుగా విడిగా జోడించండి. వినపడనివాళ్ళూ చదువుతారు, పరిశోధకులూ వెతుక్కుంటారు.

ఇదంతా సాంకేతిక నిపుణుల పని అని మనం వదిలేస్తుంటాం. మహద్ చెరువును మునిసిపాలిటీ 1924లోనే కాగితం మీద అందరికీ తెరిచింది. 1927 మార్చి 20న బాబాసాహెబ్ నాయకత్వంలో మనవాళ్ళు వెళ్ళి ఆ నీళ్ళు తాగాల్సి వచ్చింది. పోలిక పెద్దదని తెలుసు. కానీ 'అందరికీ అందుబాటులో ఉంది' అని రాసి ఉన్న ప్రతిచోటా, ఎవరికి అందుతోందని అడగడం మనం అక్కడే నేర్చుకున్నాం.

కొత్త ఫైలుతో మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళాను. పెద్దమ్మ తనను తాను చూసుకుంది. తర్వాత వేదిక మీద తన పక్కన కూర్చున్న ఇద్దరు స్త్రీల పేర్లు చెప్పింది. అప్పటిదాకా నా నోట్సులో వాళ్ళు 'గుర్తు తెలియని ఇద్దరు' మాత్రమే.

మీ దగ్గరున్న వీడియోలను ముందు ఒక చవక ఫోన్‌లో ఆడించి చూడండి. అందులో ఉన్నవాళ్ళకే ముందు చూపించండి.

జై భీమ్.