కాన్పు మంచం మీది మాట

పొదుపు లెక్కలు కార్యదర్శి గారు చదివేశారు. నేను ఒక్క సంగతి చెప్పి కూర్చుంటాను.

అమెరికా అనగానే మనకు పెద్దాసుపత్రులే గుర్తొస్తాయి. అక్కడ కూడా 2021లో నల్లజాతి స్త్రీలలో లక్ష కాన్పులకు దాదాపు 70 మంది తల్లులు చనిపోయారు. తెల్లజాతి వాళ్లలో 27 మంది. పేదరికం వల్లేనేమో అంటారు. మరి సెరీనా విలియమ్స్‌కు ఏం తక్కువమ్మా? టెన్నిస్‌లో ప్రపంచాన్ని గెలిచిన మనిషి. 2017లో ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. మర్నాడే ఊపిరి అందలేదు. ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టడం ఆమెకు అంతకుముందే వచ్చింది కాబట్టి, స్కాన్ తీయండి, రక్తం పలచబడే మందు పెట్టండి అని తనే అడిగింది. నొప్పి మందు మత్తులో ఏదో అంటోందిలే అనుకుంది నర్సు. ఆమె వదలకుండా పట్టుబట్టింది. చివరికి స్కాన్‌లో గడ్డలు కనబడ్డాయి. అంత పేరున్నావిడ సంగతే ఇది. పేరులేని తల్లి అడిగితే 'గోల చేస్తోంది' అంటారు. ఈ మాట మనమూ విన్నదే కదా!

అక్కడ ఇప్పుడు కాన్పుకు తోడుండే 'డౌలా'లను పెడుతున్నారు. పేదలకిచ్చే మెడికెయిడ్ కాన్పు తర్వాత 60 రోజులకే ఆగిపోయేది, 2022 నుంచి రాష్ట్రాలు ఏడాది దాకా ఇవ్వొచ్చు. ఎందుకంటే సగానికి పైగా చావులు కాన్పయిన వారం దాటాకే.

బాలింత తలనొప్పి తగ్గట్లేదన్నా, ఆయాసమన్నా, గుడ్డలు తడిసిపోతున్నాయన్నా 108కి ఫోన్ చేయండి. నెలలు నిండినవాళ్ల వెంట ఎవరు వెళ్తారో వచ్చే సమావేశానికి ప్రతి సంఘం మినిట్స్ పుస్తకంలో రాసుకురండి.