పేరు అడిగినప్పుడే పట్టుకోవాలి

పోలవరం మీసేవ కేంద్రంలోనైనా, ప్రాజెక్టు ఆఫీసులోనైనా కంప్యూటర్ ఏ సైటుకు వెళ్లాలన్నా మామూలుగా ముందు సైటు పేరు చెప్పి, పేర్లకు చిరునామాలిచ్చే డీఎన్ఎస్‌ను చిరునామా అడుగుతుంది. ఆ పేరు (డొమైన్) దొంగ పేర్ల జాబితాలో ఉంటే ఫైర్‌వాల్ అక్కడే అడ్డుపడి, ఉత్తుత్తి చిరునామా చెప్పి, అడిగిన యంత్రమేదో లాగ్‌లో రాసుకుంటుంది. జాబితాకెక్కని కొత్త డొమైన్ల మాటేమిటంటారా? నిజమే, అందుకే నిన్నమొన్న రిజిస్టరైన పేర్లనూ కొన్నాళ్లు ఆపాలి. బ్రౌజర్ చాటుగా బయటి డీఎన్ఎస్‌ను అడిగే దారీ మూయాలి.

అలాగని గుడ్డిగా మూస్తే మొదటికే మోసం. 2017 మేలో ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లనూ కాటేసిన వాన్నాక్రై వైరస్, ఒక వింత డొమైన్ నుంచి జవాబొస్తే తనంతట తానే ఆగిపోయేది. భద్రతా పరిశోధకుడు మార్కస్ హచిన్స్ ఆ పేరు రిజిస్టర్ చేయడంతోనే వైరస్ జోరు తగ్గింది. చెడ్డపేరని ఆ డొమైన్‌ను ఆపేసిన ఫైర్‌వాల్ వైరస్‌కే సాయపడినట్టు.