నర్సు ప్రేమకథ విని మన ఆడవాళ్లు ఏమన్నారు?

(గుంటూరులో జరిగిన ఒక స్త్రీల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



'స్త్రీలు - పఠనం' అనే అంశం మీద మాట్లాడమని నన్ను పిలిచారు. ఇలాంటి అంశం ఇస్తే మాలాంటి వాళ్లం సిద్ధాంతంతో మొదలుపెట్టి, వినేవాళ్లు గడియారం చూసుకునే వేళకు ఉదాహరణల్లోకి వస్తాం. ఈసారి ఒక కథతోనే మొదలుపెడతాను.

గాయపడ్డ సైనికుడు, అతనికి సేవ చేసే నర్సు, ఇద్దరి మధ్య ప్రేమ. ఈ కథ మనకు కొత్తది కాదు. మా అమ్మ అద్దె పుస్తకాల షాపు నుంచి తెప్పించుకునే నవలల్లో సైనికుడి బదులు కారు ప్రమాదంలో దెబ్బలు తగిలిన జమీందారు కొడుకు ఉండేవాడు. ఇంగ్లీషులో డాక్టర్లు, నర్సుల ప్రేమకథలకు మిల్స్ అండ్ బూన్ వాళ్లు ఒక వరసే నడిపారు. ఈ కథల్లో పేరున్నది హెమింగ్వే 1929లో ప్రచురించిన 'ఎ ఫేర్‌వెల్ టు ఆర్మ్స్'. మొదటి ప్రపంచయుద్ధ కాలం. ఇటలీ సైన్యంలో అంబులెన్సులు చూసే అమెరికన్ యువకుడు ఫ్రెడరిక్. ఇంగ్లీషు ఆస్పత్రిలో పనిచేసే కేథరిన్. అతని కాలికి దెబ్బ తగులుతుంది, మిలాన్ ఆస్పత్రిలో ఆమె అతని పక్కన ఉంటుంది, గర్భవతి అవుతుంది. ఇద్దరూ స్విట్జర్లాండుకు పారిపోతారు. అక్కడ కాన్పులో బిడ్డా పోతాడు, ఆమే పోతుంది. అతను వానలో హోటలుకు నడిచి వెళ్తాడు.

పంతొమ్మిదేళ్ల వయసులో ఇది చదివి నేను వెక్కి వెక్కి ఏడ్చాను. పదేళ్ల తర్వాత, పీహెచ్‌డీ చేస్తున్న రోజుల్లో, జుడిత్ ఫెటర్లీ 1978లో రాసిన 'ది రెసిస్టింగ్ రీడర్' చదివి, ఏడ్చినందుకు సిగ్గుపడ్డాను. ఆదర్శ స్త్రీగా పైకెత్తి చూపించిన కేథరిన్ పట్ల ఆ నవలకు లోపల్లోపల శత్రుత్వమే ఉందనీ, అలాంటి స్త్రీ చనిపోతేనే ఆ కథకు సుఖమనీ ఆమె వాదించింది. ఆ వాదన ఇప్పటికీ నాకు సరైనదిగానే కనిపిస్తుంది. కానీ ఒకసారి సిగ్గుపడ్డాక పాఠకురాలిగా నేనేం పోగొట్టుకున్నానో తెలుసుకోవాలనిపించింది. అందుకే ఈ కథను తెలుగులో చెప్పుకుంటూ మూడు చోట్లకు వెళ్లాను. గుంటూరులో డిగ్రీ చదివే అమ్మాయిల దగ్గరికి. ఉద్యోగంలో ఉన్న, రిటైరైన నర్సులు కొందరి దగ్గరికి. పర్చూరు వైపు ఒక ఊళ్లో (నిన్నమొన్నటి దాకా ప్రకాశం జిల్లా, 2022 నుంచి బాపట్ల జిల్లా) మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్ల దగ్గరికి. ఇది సర్వే కాదు. శాతాలు అడగకండి, నా దగ్గర లేవు.

తొడిమలు తీసే పని మీలో చాలామందికి తెలుసు. సాయంత్రానికి చేతులు మంటలెత్తుతాయి, కళ్లు తుడుచుకోవాలంటే మోచేత్తో తుడుచుకోవాలి. కథ వినడానికి అంతకన్నా మంచి చోటు లేదు. చేతులు ఖాళీ ఉండవు, చెవులు ఖాళీగా ఉంటాయి.

ఫ్రెడరిక్‌కు దెబ్బ ఎలా తగిలిందో చెప్పాను. పోరాడుతూ కాదు, కందకంలో కూచుని చల్లారిన మకరోనీ, చీజ్ తింటుండగా గుండు వచ్చి పడింది. "అన్నం తింటా దెబ్బ తిన్నాడా!" అని ఒకావిడ పగలబడి నవ్వింది. హెమింగ్వే తన కథానాయకుడికి వీరత్వం అంటగట్టడం ఇష్టం లేకే అలా రాశాడని విమర్శకులు పేజీలకు పేజీలు రాశారు. ఆవిడకు ఒక్క వాక్యం సరిపోయింది.

ఆ తర్వాత అడిగిన ప్రశ్న నన్ను నిలబెట్టేసింది. "ఆ పిల్లకి జీతం ఎవరిస్తారమ్మా?"

నేనెప్పుడూ ఆలోచించలేదు. ఇంటికెళ్లి పుస్తకం మళ్లీ తీశాను. కేథరిన్ తాను పూర్తి స్థాయి నర్సును కాననీ, వీఏడీననీ మొదట్లోనే చెప్తుంది. వీఏడీలంటే బ్రిటన్‌లో 1909లో మొదలైన స్వచ్ఛంద దళాల వాళ్లు. ఎక్కువగా కలిగిన ఇళ్ల ఆడపిల్లలు, కొద్దిపాటి శిక్షణతో ఆస్పత్రుల్లోకి వచ్చినవాళ్లు. బతుకుతెరువు కోసం ఏళ్ల తరబడి చదివి నర్సులైన వాళ్లకు వీళ్ల మీద అనుమానం ఉండేది. మర్నాడు ఇదంతా చెబితే ఆవిడ తల ఊపింది. "అట్టా చెప్పు. జీతం అక్కర్లేని పిల్ల."

ఆ మాటలో ఎంత ఉందో చూడండి. సేవ ప్రేమగా మారాలంటే ముందు అది కూలి కాకుండా పోవాలి. నెలాఖరుకు జీతం లెక్క చూసుకునే నర్సును పెట్టి ఆ ప్రేమకథ రాయడం కష్టం.

మన దగ్గర ఈ విషయానికి కులం కూడా తోడవుతుంది. అమెరికన్ లూథరన్ మిషన్ తరఫున డాక్టర్ ఆనా కూగ్లర్ 1883లో గుంటూరు వచ్చింది. స్త్రీల కోసం ఆమె కట్టించిన ఆస్పత్రి 1898లో తెరిచారు. ఈ ప్రాంతంలో మిషన్ ఆస్పత్రులు నర్సులను తయారుచేసినప్పుడు ఆ పనికి ముందు వచ్చినవాళ్లు ఎక్కువగా క్రైస్తవం తీసుకున్న మాల, మాదిగ కుటుంబాల ఆడపిల్లలు. పరాయి ఒంటిని తాకడం, మలమూత్రాలు ఎత్తడం, పురుడు పోయడం 'మన పని కాదు' అనుకున్న కులాలు ఆ ఉద్యోగాన్నీ, ఆ ఉద్యోగం చేసే స్త్రీనీ చాలాకాలం దూరంగానే పెట్టాయి. ఇప్పుడు అన్ని కులాల పిల్లలూ నర్సింగ్ చదువుతున్నారు. కానీ 'నర్సమ్మా?' అని సాగదీసే ఆ గొంతు పెళ్లిచూపుల్లో ఇంకా వినిపిస్తూనే ఉంది.

నర్సుల దగ్గర కథ చెప్పినప్పుడు నాకు ఇంకో పుస్తకం దొరికింది. ఫ్రెడరిక్ మిలాన్‌లో ఉన్నన్నాళ్లూ కేథరిన్ కోరి కోరి రాత్రి డ్యూటీ వేయించుకుంటుంది, అతనితో గడపడానికి. ఆమె స్నేహితురాలు ఫెర్గూసన్ అనే ఇంకో నర్సు ఒకరోజు ఫ్రెడరిక్‌తో, ఆమె బాగా అలిసిపోతోంది, కొన్నాళ్లు రాత్రి డ్యూటీ మానమని నువ్వైనా చెప్పు అంటుంది. నవలలో చిన్న ముక్క. నేను దాటేసి పోబోయాను. ఓ రిటైర్డ్ నర్సు ఆపింది. "ఆగండి మేడం. పగలు ఈ అమ్మాయి నిద్రపోవాలి కదా, మిగతా వార్డు ఎవరు చూస్తున్నారు? ఆ ఫెర్గూసనే కదా?" అక్కణ్ణుంచి ఆ గదిలో అందరికీ నాయిక ఫెర్గూసనే అయిపోయింది. స్నేహితురాలిని కనిపెట్టుకుని ఉండేది, ఆమెకు కష్టం తెచ్చిపెడితే ఊరుకోనని మగవాణ్ణి బెదిరించేది, చివరికి ఆమె గర్భవతి అని తెలిసి కూలబడి ఏడ్చేది ఫెర్గూసనే. విమర్శకులకు ఆమె ముక్కోపి. నైట్ డ్యూటీలు చేసినవాళ్లకు ఆమె తోటి ఉద్యోగి.

కాన్పు ఘట్టంలో ఇంకో సంగతి. కేథరిన్‌ను సిజేరియన్‌కు తీసుకువెళ్తుంటే ఇద్దరు నర్సులు, భలే సమయానికి వచ్చామనుకుంటూ, నవ్వుకుంటూ చూడటానికి పరుగెత్తుతారు. ఇది చదివి నాకు ఒళ్లు మండింది, ఆడవాళ్లను ఎంత హీనంగా చూపించాడని. నర్సులు మాత్రం నవ్వారు. "స్టూడెంట్లయి ఉంటారు. మేమూ మొదటి సిజేరియన్‌కి అట్టాగే పరిగెత్తాం." రక్తస్రావం ఆగలేదనగానే మాత్రం ఎవరూ నవ్వలేదు. ఎంతసేపయింది, పక్కన ఎవరున్నారు, డాక్టరు ఎప్పుడొచ్చాడు అని కేస్ షీట్ అడిగినట్టు అడిగారు.

తొడిమల దగ్గర ఆడవాళ్లదీ అదే దారి. వాళ్లలో సగంమందికి పైగా పొట్ట మీద కుట్లున్నవాళ్లే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42 కాన్పులు సిజేరియన్లే, కాబట్టి ఆశ్చర్యం లేదు. అంతసేపు నొప్పులు పడనిచ్చి ఆపరేషన్ ఆలస్యంగా చేశారని డాక్టరు మీద మండిపడ్డారు. ప్రేమ కోసం చచ్చిపోయిందని ఒక్కరూ అనలేదు.

వాళ్లకు అసలు కథ కూడా చెప్పాను. 1918లో ఇటలీలో గాయపడిన హెమింగ్వే మిలాన్‌లో ఆగ్నెస్ వాన్ కురోవ్‌స్కీ అనే నర్సును ప్రేమించాడు. అతనికి పందొమ్మిది, ఆమెకు ఇరవై ఆరు. 1919 మార్చిలో, ఇది కుదరదని ఆమె ఉత్తరం రాసింది. ఆ తర్వాత రెడ్‌క్రాస్ ఉద్యోగం మీద రుమేనియా, హైతీ తిరిగి, 1984లో తొంభై రెండేళ్ల వయసులో పోయింది. హెమింగ్వే రెండో భార్య పౌలీన్‌కు 1928లో కష్టమైన సిజేరియన్ జరిగింది. తల్లీ బిడ్డా బతికారు. అతని జీవితంలో వద్దన్న స్త్రీ బతికింది, కన్న స్త్రీ బతికింది. నవల్లో ఇద్దరినీ కలిపి ఒకర్ని చేసి చంపేశాడు. "ఒద్దన్నదని కోపం" అని ఒక ముసలమ్మ తేల్చేసింది. ఫెటర్లీ అంత పుస్తకం రాసి చెప్పినదానికి అది మరీ దూరం కాదు.

మన సినిమా ఒకటి ఈ విషయాన్ని ఇంకా కఠినంగా చెప్పింది. 1960లో వచ్చిన 'చివరకు మిగిలేది'. బుచ్చిబాబు నవల కాదు, బెంగాలీ సినిమా ఆధారంగా తీసింది. మన చిర్రావూరు సావిత్రి అందులో నర్సు. మతి చలించిన రోగికి ప్రేమ నటించడమే వైద్యమని పెద్ద డాక్టరు చెప్తాడు, ఆమె నటిస్తుంది, నిజంగా ప్రేమిస్తుంది, రోగి బాగుపడి వెళ్లిపోతాడు. రెండోసారీ అదే పని చేయిస్తారు. చివరికి ఆమే రోగి అవుతుంది. నర్సు మనసును కూడా మందుల సీసాల వరసలో పెట్టేస్తే ఏమవుతుందో చెప్పిన సినిమా అది. ప్రేమకథగా గుర్తుపెట్టుకున్నాం, పని కథగా ఎవరూ గుర్తుపెట్టుకోలేదు.

డిగ్రీ అమ్మాయిల సంగతి చెప్పలేదు. వాళ్లు ఏడ్చారు. నేను ఏడ్చినట్టే. నేను విశ్లేషణ మొదలుపెట్టగానే ఒకమ్మాయి, "మేడం, ఒక్క గంట మమ్మల్ని ఇష్టపడనివ్వండి" అంది. ఆ మాట నాకు గుచ్చుకుంది. 1960, 70ల్లో యద్దనపూడి సులోచనారాణి నవలల కోసం ఎదురుచూసిన లక్షల మంది ఆడవాళ్లను మా ముందుతరం స్త్రీవాదులు పగటికలల్లో ఉన్నారన్నారు. జానిస్ రాడ్వే అమెరికాలో ఒక ఊరి పాఠకురాళ్లతో మాట్లాడి 1984లో రాసిన పుస్తకంలో, వాళ్లకు నవల కంటే నవల చదివే సమయం ముఖ్యమంది. ఇంటిల్లిపాదీ తనను అడగని ఒక గంట. మా అమ్మ వంటింటి గుమ్మంలో కూచుని చదివిన గంట అదే. దాన్ని నేను ఎవరి దగ్గరనుంచీ లాక్కోను.

కానీ ఆ కథ నవల్లోనే ఉండిపోదు. ప్రైవేటు ఆస్పత్రిలో పనిచేసే ఒక యువ నర్సు అన్నది: "నవల్లో చెయ్యి పట్టుకుంటే ప్రేమ. మా వార్డులో సెలైన్ పెడుతుంటే రోజూ ఎవడో ఒకడు పట్టుకుంటాడు. విడిపించుకుంటే, సిస్టర్‌కి పొగరు అంటారు." తను పనిచేసిన చోట ఫిర్యాదు కమిటీ ఉందో లేదో ఆమెకు ఎవరూ చెప్పలేదు. పదిమంది లేదా అంతకంటే ఎక్కువమంది పనిచేసే ప్రతి చోటా అది ఉండాలని 2013 చట్టం చెప్తోంది. అదే చట్టం సెక్షన్ 19 ప్రకారం, పనిచేసే చోట తారసపడే ఇతరుల నుంచి కూడా ఉద్యోగినికి రక్షణ కల్పించడం యజమాని బాధ్యత. అంటే రోగి, రోగి బంధువు కూడా. నర్సులున్న చోటల్లా ఈ సెక్షన్ తెలుగులో గోడ మీద ఉండాలి.

రిటైర్డ్ నర్సు చివర్లో ఒక సంగతి చెప్పింది. తెల్లదోమ పత్తిని తినేసిన 1987-88 ప్రాంతంలో, గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో రైతులు పత్తికి కొట్టే మందే తాగిన రోజుల్లో, ఆమె క్యాజువాలిటీలో ఉండేది. వచ్చినవాడి బట్టలు విప్పి సబ్బుతో ఒళ్లంతా కడగాలి, లేకపోతే మందు చర్మంలోంచి ఇంకుతూనే ఉంటుంది. పొట్టలోకి గొట్టం వేసి కడగాలి. అట్రోపిన్ ఇస్తూ కంటిపాపలు చూస్తూ ఉండాలి. మందు ఎక్కాక రోగి సంధి ప్రేలాపనలో పడి దుప్పటి పీకుతూ, మంచానికి కట్టిన చేతులు గుంజుకుంటూ, ఎవరెవరినో పిలుస్తాడు. "నన్ను పెళ్లాం పేరు పెట్టి పిలిచినవాళ్లున్నారు. ఆ రాత్రికి పలికేదాన్ని. తెల్లారి బతికితే నా మొహం కూడా గుర్తుండేది కాదు. నా చేతులకి ఆ మందు వాసన రెండు రోజులుండేది." మన మెట్ట పొలాల్లో గాయపడ్డ సైనికులు వాళ్లే, ఆ నర్సు ఈవిడే. ఈ కథ ఇంకా ఎవరూ నవలగా రాయలేదేమని నేనడిగితే, ఇందులో ప్రేమ ఎక్కడుంది అని ఆవిడే నన్ను ఎదురు అడిగింది.

పర్చూరు వైపు ఊళ్లో ఆఖరి రోజు కథ పూర్తయ్యాక కాసేపు ఎవరూ మాట్లాడలేదు. జీతం గురించి అడిగినావిడే మళ్లీ అడిగింది, ఆ ఫెర్గూసన్ ఏమైపోయిందని. పుస్తకంలో ఆ తర్వాత ఆమె సంగతి లేదని చెప్పాను.

"ఏమైపోయిద్ది, డ్యూటీ ఎక్కుంటది" అని ఆవిడ ఇంకో దోసెడు కాయలు ముందుకు లాక్కుంది.