బ్రేకు ఎర్రదీపం వెలిగితే



ఎద్దు మేత ముట్టకపోతే మనం ఊరకుండం. నోరు తెరిచి చూస్తాం, కడుపు తడిమి చూస్తాం, నెమరు వేస్తున్నదా లేదా అని కనిపెడతాం. కాని ఇంటిముందున్న పాత పికప్ బండిలో ఎర్రదీపం వెలుగుతూ ఉంటే మాత్రం, "అది ఎప్పుడూ అంతేలే" అని తాళం తిప్పి బయలుదేరుతాం. మన కూరగాయలు, పాలక్యానులు, ఎరువుల బస్తాలు, వాటితోపాటు మన ప్రాణాలు కూడా ఆ బండిలోనే గదా పోయేది! అందుచేత ఆ దీపం ఏమి చెబుతున్నదో, ఇంటిదగ్గర మనం ఎంతవరకు కనుక్కోవచ్చునో, ఎక్కడ మేస్త్రీని పిలవవలెనో ఈ పూట చెప్పుకుందాం.

పాత బండ్లలో ఒకే ఎర్రదీపం రెండు మూడు పనులు చేస్తుంది. హ్యాండు బ్రేకు లాగి ఉన్నా వెలుగుతుంది. డబ్బాలో బ్రేకాయిలు తగ్గినా వెలుగుతుంది. కొన్ని బండ్లలో బ్రేకు పైపులు రెండు భాగాలుగా ఉంటాయి. వాటిలో ఒక భాగంలో వత్తిడి పోయినా వెలుగుతుంది. ఇక ఏ.బి.ఎస్. అనే అక్షరాలతో పసుప్పచ్చగా వెలిగే దీపం వేరు. అది చక్రాలు పట్టేసి జారకుండా చూసే ఏర్పాటుకు సంబంధించినది. అదొక్కటే వెలిగితే మామూలు బ్రేకు సాధారణంగా పనిచేస్తుంది. నిదానంగా నడిపి బాగుచేయించుకోవచ్చు. పసుపూ ఎరుపూ కలిసి వెలిగితే మాత్రం బండి కదపకూడదు.

మొట్టమొదట దీపాన్నే పరీక్షించాలి. హ్యాండు బ్రేకు లాగి, ఇంజను స్టార్టు చేయకుండా తాళం ఒక మెట్టు తిప్పండి. దీపం వెలగాలి. వెలగకపోతే సంతోషించవద్దు. బల్బు గాని, ఫ్యూజు గాని పోయి ఉంటుంది. కావలికుక్క మొరగకపోయినంత మాత్రాన దొంగ రాలేదని కాదు.

దీపం వెలిగింది సరే. ఇప్పుడు చక్రాలకు ముందూ వెనకా రాళ్ళు పెట్టి, ఇంజను స్టార్టుచేసి హ్యాండు బ్రేకు దించండి. ఆరిపోతే మంచిదే. ఆరకపోతే, హ్యాండు బ్రేకు పిడి మొదట్లో ఉండే చిన్న స్విచ్చి చూడండి. దుమ్మూ, తుప్పూ పట్టి అది ఇరుక్కుపోవడం పాత బండ్లలో తరచు జరిగేదే. దాని తీగె ఊడదీయగానే దీపం ఆరిపోతే, తప్పు అక్కడిదే. స్విచ్చి శుభ్రంచేసి తీగె వెంటనే తిరిగి తగిలించండి.

అయినా ఆరకపోతే బానెట్టు ఎత్తి బ్రేకాయిలు డబ్బా చూడాలి. దానిమీద ఎక్కువ, తక్కువ గీతలు రెండు ఉంటాయి. ఆయిలు కింది గీతకు దిగి ఉన్నదనుకోండి. మనం చేసే తప్పు ఇక్కడే ఉన్నది. సీసా తెచ్చి పోస్తాం, దీపం ఆరుతుంది, పని అయిపోయిందనుకుంటాం.

మా వైపు ఒక రైతు బండిలో మలుపు తిరిగినప్పుడల్లా ఎర్రదీపం ఒక్కసారి మెరిసి ఆరిపోయేది. ఆయిలు తక్కువగా ఉంటే, బండి ఒరిగినప్పుడు అది ఒక పక్కకు పోయి, డబ్బాలో తేలే బిళ్ళ కిందికి దిగి దీపం వెలుగుతుంది. ఆయన కొంచెం ఆయిలు పోశాడు. పదిహేను రోజులకు మళ్ళీ మెరిసింది, మళ్ళీ పోశాడు. బండి కింద చుక్క కనపడలేదు గనుక కారడం లేదనుకున్నాడు. మూడోసారి డ్రైవరు విసుగెత్తి మూతమీది తీగె పీకేశాడు. దీపం శాశ్వతంగా ఆరిపోయింది. ఆ నెలలోనే ఒకనాటి తెల్లవారుజామున టమాట పెట్టెల లోడుతో చెరువుకట్ట దిగుతూ ఉండగా పెడలు నేలకు అంటింది. గేరు తగ్గించి, హ్యాండు బ్రేకు లాగి, పక్కనున్న గడ్డివామికి ఒరిపించి ఎట్లాగో ఆపాడు. విప్పి చూస్తే మాస్టర్ సిలిండరు వెనకవైపు రబ్బరు కప్పు అరిగి, ఆయిలంతా బూస్టరు లోపలికి దిగుతున్నది. నేలమీద చుక్క ఎట్లా కనపడుతుంది?

ఆయిలు ఊరికే తగ్గదు. తగ్గడానికి కారణాలు రెండే: అరుగుదల, కారుదల. డిస్కు బ్రేకుల్లో ప్యాడ్లు అరిగేకొద్దీ పిస్టన్లు ముందుకు వచ్చి, ఆ ఖాళీలోకి ఆయిలు దిగుతుంది. నెలల తరబడి మెల్లగా తగ్గితే ముందు ప్యాడ్లూ, లైనింగులూ చూడండి. అరిగినవి మారిస్తే ఆయిలు తిరిగి పైకి వస్తుంది. అందుకని అంతకుముందే డబ్బా నిండుగా పోసి ఉంచితే పొర్లుతుంది. బ్రేకాయిలు పడినచోట రంగు ఊడిపోతుంది.

వారాల్లో, రోజుల్లో తగ్గితే అది కారుదలే. చక్రాల లోపలివైపు తడి చూడండి. వెనక చక్రం దగ్గర తడి ఉంటే వీల్ సిలిండరు కారుతున్నదన్నమాట. ఆయిలు తాగిన లైనింగులు తుడిచి వాడరాదు, మార్చవలసిందే. హోసుపైపులు బీటలు వేశాయేమో, ఇనుప పైపులు తుప్పు తిన్నాయేమో, పెడలు పైన తడి ఉన్నదేమో చూడండి. నేలమీది మరక ఏ ఆయిలో తెలియకపోతే ఒక చుక్క గ్లాసెడు నీళ్ళలో వేయండి. ఇంజనాయిలు పైన తేలుతుంది. బ్రేకాయిలు నీళ్ళలో కలిసిపోతుంది.

ఆయిలు నిండుగా ఉన్నా దీపం వెలిగితే డబ్బా స్విచ్చి తీగె తీసి చూడండి. ఆరిపోతే తేలుడు బిళ్ళ మునిగిపోయిందనో, స్విచ్చి పోయిందనో అర్థం. అది మార్పించి తీగె తగిలించాలి. పెడలు తొక్కినప్పుడే దీపం వెలిగితే మాత్రం ఒక భాగంలో వత్తిడి పోయిందేమోనని అనుమానించి, బండి అక్కడే నిలపండి.

దీపం ఏమన్నా, చివరి సాక్షి పెడలే. ఇంజను నడుస్తూండగా పెడలు గట్టిగా తొక్కి నిమిషంసేపు పట్టి ఉంచండి. మెల్లగా దిగిపోతూంటే ఎక్కడో కారుతున్నది, లేదా మాస్టర్ సిలిండరు పోయింది. మెత్తగా స్పాంజిలా ఉంటే పైపుల్లో గాలి చేరింది. తరువాత ఇంజను ఆపి, అయిదారుసార్లు తొక్కి, కాలు తీయకుండా స్టార్టు చేయండి. పెడలు కొంచెం కిందికి దిగాలి. దిగకపోతే బూస్టరుకు సాయం అందడం లేదు.

మరొక సంగతి. చాలా డీజిలు బండ్లలో బూస్టరుకు సాయమిచ్చే వ్యాక్యూం పంపు డైనమో వెనకనే బిగించి ఉంటుంది. బెల్టు తెగితే బ్యాటరీ దీపం వెలుగుతుంది, కాసేపటికి బ్రేకు రాయిలా గట్టిపడుతుంది. అందుచేత అటువంటి బండిలో బ్యాటరీ దీపం కూడా బ్రేకు హెచ్చరికే. కొన్ని పాత జపాను తరహా బండ్లలో డైనమో చెడితే బ్యాటరీ దీపమూ, బ్రేకు దీపమూ రెండూ కలిసి వెలుగుతాయి. రెండూ వెలిగితే ముందు బెల్టు చూడండి.

పోసే ఆయిలు విషయంలో జాగ్రత్త సుమా. ఇంట్లో ఉన్నది గదా అని ట్రాక్టరు హైడ్రాలిక్ ఆయిలు గాని, ఇంజనాయిలు గాని బ్రేకు డబ్బాలో పోయవద్దు. రబ్బరు కప్పులు ఉబ్బి బ్రేకులన్నీ చెడతాయి. మూతమీద రాసిన రకమే పోయాలి. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల సెంటీగ్రేడు దాకా మరగదు. గాలిలోని తేమ పీల్చిన తరువాత 140 డిగ్రీలకే మరగవచ్చు. డాట్ 4కు ఆ లెక్క 230, 155. ఘాటు దిగేటప్పుడు ఆయిలు మరిగితే ఆవిరి పుట్టి పెడలు ఖాళీగా దిగిపోతుంది. అందుకే ఎప్పుడో మూత తీసిన సీసా వాడవద్దు. రెండేళ్ళకొకసారి ఆయిలంతా మార్పించండి.

దారిలో దీపం వెలిగితే ఏం చేయాలి? ఇంజను ఆపవద్దు, ఆపితే బూస్టరు సాయం పోతుంది. గేరు ఒక్కొక్కటే తగ్గించి, పెడలు పదేపదే తొక్కుతూ, హ్యాండు బ్రేకు కొద్దికొద్దిగా లాగుతూ పక్కకు తీసి నిలపండి. మదనపల్లె నుంచి భాకరాపేట ఘాటు దిగే టమాట బండి అయినా, శ్రీశైలం ఘాటు దిగే బండి అయినా, డీజిలు మిగులుతుందని న్యూట్రలులో దింపవద్దు. దిగుడులో ఇంజను పట్టే పట్టు సగం బ్రేకు.

విస్తరణ సిబ్బందికి ఒక మనవి. ట్రాక్టర్ల మరమ్మతు గురించి రైతులతో మాట్లాడేటప్పుడు ఈ డబ్బా మూతను, ఆ రెండు గీతలను కూడా చూపించండి. అయిదు నిమిషాల పని.

సోదరులారా, ఆ దీపం ఆర్పడం తేలిక. తీగె పీకితే చాలు. దానిని వెలిగించిన కారణాన్ని ఆర్పడమే మన పని. రేపు తెల్లవారి లోడు ఎత్తకముందే, ఒక్కసారి బానెట్టు ఎత్తి చూడండి. సెలవు.